అలాగేనండి అనని మనిషి

మా ఆవిడ పోయిన నెల చనిపోయింది. రాజమండ్రి ఆసుపత్రిలో, మధ్యాహ్నం పూట. తెలియాల్సినవాళ్ళకి నేనే ఫోన్లు చేసి చెప్పాను. తెలియనివాళ్ళు ఇప్పటికీ ఇంటికి ఫోన్ చేస్తున్నారు. "కుక్కల మేడమ్‌గారున్నారాండీ?" అంటారు. లేరంటాను. "ఎప్పుడొస్తారండీ?" అంటారు. నిన్న ఒకరికి చెప్పిన మాటే ఇవాళ ఇంకొకరికి చెప్పాలి. విన్నవాళ్ళు అయ్యో అంటారు. ఆ తర్వాత మొహమాటపడుతూనే, "మరి ఇంకెవరున్నారండీ?" అని అడుగుతారు.

వాళ్ళని తప్పుపట్టను. కరిచే కుక్కని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకి పరామర్శకి తీరిక ఉండదు. కాని ఆ ప్రశ్నకి ఫోన్‌లో ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నావల్ల కావడం లేదు. ఆవిడ్ని కూడా ఇన్నేళ్ళూ నిద్రపోనీయకుండా చేసింది ఆ ప్రశ్నే. తన బదులు ఎవరిని ఒక ఇంటికి పంపవచ్చు? పంపి తను నిశ్చింతగా ఉండవచ్చు? అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఈ పత్రిక చదివేవారిలో కొందరి గేటు బయట ఆవిడ నిలబడే ఉంటుంది.

ఆవిడ నిడదవోలులో జూనియర్ కాలేజీ పిల్లలకి జువాలజీ చెప్పేది. నేను డిగ్రీ కాలేజీలో కామర్స్. మా ఇంట్లో ఎప్పుడూ కుక్క లేదు. అదేంటని అడిగితే, "ఈయనగారింట్లో బ్యాంకుందాండీ?" అని నన్ను చూపించేది.

తొంభైల్లో భీమవరం వైపు వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేశారు. చెరువుల మీద దొంగలు పడతారని భయం. గట్ల మీదికి అల్సేషియన్లు, డాబర్‌మన్లు వచ్చాయి. కుక్కని పగలంతా చీకటి కొట్లో కట్టేసి, అన్నంలో కారం కలిపి పెడితే పౌరుషం వస్తుందని ఒక నమ్మకం. ఆ సలహా చెప్పే మనిషిని మాస్టారు అనేవాళ్ళు. గొలుసు పట్టుకోగలిగిన ప్రతివాడూ మాస్టారే.

మా దూరపు బంధువు ఒకాయన చెరువు దగ్గర, మేత చల్లే పనివాణ్ణి అలాంటి కుక్క కరిచింది. చెయ్యి చీరుకుపోయింది. చూసి రావడానికి వెళ్ళాం. అందరూ ఆ పనివాడి చుట్టూ ఉన్నారు. ఆవిడా కాసేపు అక్కడే నిలబడి, తర్వాత కుక్కని కట్టేసిన కొట్టు వైపు వెళ్ళింది. తలుపు సందులోంచి లోపలికి చూసి వచ్చింది.

"దీనికెవరు నేర్పారండీ?" అని ఆ బంధువుని అడిగింది.

"మాస్టారమ్మా, భీమవరం నుంచి వస్తాడు."

"ఆ మాస్టారికెవరు నేర్పారు?"

ఆయన పడీపడీ నవ్వాడు. "భలేదానివమ్మా! కుక్కలోడిక్కూడా కాలేజీ ఉంటుందేంటి?"

అక్కడున్నవాళ్ళందరూ నవ్వారు, కరిపించుకున్నవాడితో సహా. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, తాడేపల్లిగూడెం దాటాక, "ఉండాలి కదండీ" అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. కాలేజీ సంగతి.

ఆ వేసవి నుంచి వరసగా కొన్ని సెలవులు మద్రాసులో గడిపింది. సైన్యంలో కుక్కల దళం చూసి రిటైరైన పెద్దాయన ఒకరు అక్కడ ఉండేవారు. మొదటి వేసవంతా గొలుసు ముట్టుకోనివ్వలేదట. ఊరికే కూర్చుని చూడమన్నారట. ఎండకి నల్లబడి తిరిగొచ్చింది. ఆఖరి ఏడు, "సర్టిఫికెట్ ఏదీ?" అని అడిగాను. "నీ తప్పు నీకు కనపడుతోంది, ఇక వెళ్ళమ్మా అన్నారండీ. అంతే" అంది.

ఎవరింటికైనా వెళ్ళేటప్పుడు ఆవిడ తీరు మారిపోయేది. ముతక నేతచీర, పైట చెంగు బిగించి దోపుకోవడం. పూలు లేవు, పౌడరు లేదు. పెళ్ళిళ్ళక్కూడా అంత శ్రద్ధగా తయారవడం నేను చూడలేదు. గేటు దగ్గర ఇంటివాళ్ళు, "ఏం చెయ్యదండీ, వచ్చెయ్యండి" అంటే, "దాన్ని కూడా రమ్మననివ్వండి" అని బయటే నిలబడేది. ఒక్కోసారి ఆ నిలబడటం అరపూట పట్టేది. మా వైపు మనుషులు కుక్కని కూడా మీరు అంటారు. ఒకాయన తన డాబర్‌మన్ని, "ఏంటండి రాజాగారూ, మేడమ్‌గారొస్తే ఆ అరుపులేంటండీ?" అని మందలించడం నేను విన్నాను. రాజాగారు లెక్కచెయ్యలేదు.

పని అయ్యేదాకా కాఫీ తాగేది కాదు. దానికి కోపాలొచ్చేవి. గోదావరి జిల్లాల్లో కాఫీ వద్దనడమంటే చిన్నమాట కాదు. "ముందు కాఫీ తాగేస్తే తర్వాత నిజం చెప్పలేనండీ" అనేది. ఇంటిల్లిపాదినీ అడిగేది. అంట్లు తోమే మనిషిని కూడా. కుక్క ఎవర్ని చూసి ఎటు పోతుంది, ఎప్పటి నుంచి, అంతకు ముందు ఇంట్లో ఏం మారింది. ఆ తర్వాత చాలాసార్లు చెప్పేది ఒకటే. ముందు పశువుల డాక్టరుగారికి చూపించండి. చెవిలో చీము పట్టి కరిచే కుక్కకి బుద్ధులు చెప్పి లాభం లేదు. విన్నవాళ్ళకి నిరుత్సాహంగా ఉండేది. ఏదో మంత్రం వేసినట్టు కుక్కని కూర్చోబెడుతుందని ఎదురుచూసేవాళ్ళు.

పిలుపులు ఎక్కువయ్యాయి. కాలేజీ, బస్సులు, మోకాళ్ళ నొప్పులు. ఇంకొక మనిషి కావాలి. అప్పుడు వచ్చాడు మా బావమరిది.

ఆవిడ తమ్ముడు. చిన్నప్పుడు ఆవిడే ఎత్తుకు పెంచింది. డిగ్రీ సగంలో ఆపి, పురుగుమందుల కొట్టు పెట్టి మూసేసి, మా ఇంటికి చేరాడు. మనసున్న మనిషి. వీధికుక్కలు అతని వెనకాలే వచ్చేవి. "వీడి చెయ్యి మంచిదండీ, నోటితోనే భయం" అని ఆవిడ మొదట్లోనే అంది. అతని నోటికి లేదు అనే మాట రాదు. మా వైపు చాలామందికి రాదు. ఎదుటివాడు ఏమడిగినా అలాగేనండి అంటాం. అవుతుందా కాదా అన్నది తర్వాతి సంగతి. ఎదురుగా కాదనడం మాకు తిట్టడంతో సమానం.

రెండేళ్ళు వెంట తిప్పుకుంది. వాళ్ళిద్దరూ పెరట్లో ఎవరిదో కుక్కని పెట్టుకుని కూర్చుంటే, నేను కిటికీ దగ్గర పేపర్లు దిద్దుకునేవాణ్ణి.

"ఏం చూశావురా?"

"కోపంగా ఉందక్కా."

"కోపం నువ్వనుకున్నది. చూసిందేంటి?"

"చెవులు వెనక్కి పెట్టింది. మూతి నాక్కుంది. బరువంతా వెనక్కాళ్ళ మీదేసింది."

"అయితే మీదికొచ్చేలా ఉందా, పారిపోయేలా ఉందా?"

"భయపడుతోందక్కా."

"మళ్ళీ అనుకుంటున్నావు. సర్లే, ఇప్పుడనుకో. చూశాక అనుకోవచ్చు."

అతను పకపకా నవ్వేవాడు. ఆవిడ నవ్వేది కాదు కాని, ఆ పూట వంటలో అతనికిష్టమైన కూర ఉండేది.

మూడో ఏడు మొదట్లో ఆవిడ పరీక్షపేపర్లు దిద్దడానికి ఏలూరు వెళ్ళింది. ఆ రోజుల్లోనే పెద్ద రైతు ఒకాయన కారు పంపించాడు. ఇంట్లో కూతురి పెళ్ళి పెట్టుకున్నారు. అల్సేషియన్ కొత్తవాళ్ళని గుమ్మం ఎక్కనివ్వడం లేదు. అక్కకి చెప్పకుండానే మా బావమరిది వెళ్ళాడు. వాళ్ళు పనసపొట్టు కూరతో భోజనం పెట్టారు. పెరుగన్నం తింటూ ఉండగా ఆ పెద్దాయన అడిగాడు. "పెళ్ళికి పది రోజులుందండీ. ఈలోగా దారికొచ్చేస్తుంది కదండీ?"

"అలాగేనండి" అన్నాడు.

రోజూ వెళ్ళాడు. కుక్క కొంత నెమ్మదించింది కూడా. పెళ్ళిరోజు పొద్దున, మాస్టారు భరోసా ఇచ్చారు కదా అని ఇంటివాళ్ళు గొలుసు విప్పేశారు. బాజాలు మొదలయ్యాయి. పెళ్ళికూతురు తను పెంచుకున్న కుక్కే కదా అని దగ్గరికి వెళ్ళి తల నిమరబోయింది.

ముహూర్తం ఆపలేదు. కుడిచేతికి కట్టుతోనే ఆ అమ్మాయి జీలకర్రా బెల్లం పెట్టింది. కుక్కని తోటలోకి తీసుకెళ్ళి కాల్చేశారు. మమ్మల్ని మాత్రం ఒక్క మాట అనలేదు. మర్యాదస్తులు.

ఆవిడ ఏలూరు నుంచి నేరుగా ఆ ఊరికే వెళ్ళింది. నన్ను బస్టాండుకి రమ్మంది. వాళ్ళ వరండాలో కూర్చుని, "నేర్పింది నేనండి. తప్పు నాదండి" అని చెప్పింది. ఆ పెద్దాయన, "అయ్యో, అదెంత మాటమ్మా, మూగజీవాలు కదా" అన్నాడు. ఆ మర్యాద భరించడం కష్టమైంది. ఇద్దరం బస్సు కోసం కాలువగట్టు మీద నిలబడ్డాం. అప్పుడు ఏడ్చింది. "అలాగేనండి అన్నది ఆ కుక్క కాదు కదండీ" అంది.

ఇంటికొచ్చేసరికి మా వీధి చివర అతని బోర్డు ఉంది. శునక శిక్షకుడు అని ఎర్రరంగుతో రాయించుకున్నాడు. దాన్ని తీసెయ్యమంది.

"ఒక్క తప్పుకేనా అక్కా?"

"కరిచినందుకు కాదురా. కుక్కలు నా దగ్గరా కరుస్తాయి. చేతకానిదాన్ని చేస్తానన్నావు. వాళ్ళు నీ మాట నమ్మి గొలుసు విప్పారు."

మా అత్తగారు అప్పుడు మా దగ్గరే ఉండేది. "తోడబుట్టినవాడి నోటికాడి కూడు తీస్తావటే? రేపు వాడికి పిల్లనెవరిస్తారే?" అని శోకాలు పెట్టింది.

"నా తమ్ముడు కాబట్టి అన్నం పెడతానమ్మా, ఎన్నేళ్ళయినా. ఇంకొకళ్ళ ఇంటికి మాత్రం పంపను."

ఆ మర్నాడు అతను బోర్డు తీశాడు. పెట్టె కూడా సర్దుకున్నాడు.

ఆ మధ్యే రాజమండ్రిలో కొందరు శిక్షకులు కలిసి సంఘం పెట్టుకున్నారు. ఆవిడ్ని గౌరవాధ్యక్షురాలిగా ఉండమని శాలువా, యాపిల్ పళ్ళు పట్టుకుని ఇంటికొచ్చారు. పదిరోజుల శిబిరం పెట్టి, చేరినవాళ్ళందరికీ సర్టిఫికెట్లు ఇస్తారట. ఆవిడ సంతకం ఉంటే బాగుంటుందట.

"పదిరోజుల్లో ఏం నేర్పుతారండీ?"

"కూర్చోవడం, నిలబడ్డం, షేక్‌హ్యాండ్ ఇవ్వడం. అన్నీ నేర్పుతామండి."

"అవి కుక్క నేర్చుకునేవి కదండీ. మనిషికేం నేర్పుతారు?"

 ఆవిడ తనకి తోచింది చెప్పింది. చేరినవాడు కనీసం ఏడాది ఎవరో ఒకరి కళ్ళముందు పని చెయ్యాలి. జబ్బుకీ బుద్ధికీ తేడా తెలుసుకుని డాక్టరు దగ్గరికి పంపాలి. కొట్టకూడదు. హామీలు ఇవ్వకూడదు. చేతకాకపోతే చేతకాదని ఇంటివాళ్ళకి చెప్పగలగాలి. చెప్పగలడా లేదా అన్నదే పరీక్షగా పెట్టాలి. "అలాగే మేడమ్, తప్పకుండా" అన్నారు వాళ్ళు. శాలువా కప్పి వెళ్ళిపోయారు. వాటిలో ఒక్కటీ పెట్టలేదు. ఆవిడా సంతకం పెట్టలేదు.

మా బావమరిది ఆ శిబిరంలో చేరి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. కాకినాడలో పని పెట్టుకున్నాడు. బాగానే సాగిందని విన్నాం. పండగలకి వచ్చేవాడు, అక్కకి చీర తెచ్చేవాడు. కుక్కల మాట మాత్రం ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు. బయట ఎవరైనా, "మీ తమ్ముడుగారు కూడా మీ దగ్గరే నేర్చుకున్నారట కదండీ?" అంటే, ఆవిడ జవాబు ఒకటే. "తమ్ముడే. శిష్యుడు కాదండి."

తర్వాత ఒకరిద్దరు నేర్చుకుంటామని వచ్చారు. ఊరికే కూర్చోబెట్టి చూడమంటే విసిగి వెళ్ళిపోయారు. ఆవిడొక్కతే తిరిగింది. కొవ్వూరు, తణుకు, పెద్దాపురం దాకా. సాయంత్రం వచ్చి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కుర్చీలోనే కునికేది. అలా చూడలేక ఒకసారి, "ఇంత పట్టుదలెందుకు? ఎవరో ఒకరిని సరే అనుకోవచ్చుగా" అన్నాను.

"కరిపించుకునేది నేనైతే ఎప్పుడో అనుకునేదాన్నండీ" అంది కళ్ళు తెరవకుండా.

రెండేళ్ళ క్రితం కడుపులో జబ్బని తేలింది. అది విని మా బావమరిది కాకినాడ నుంచి వచ్చాడు. ఆపరేషనయ్యేదాకా ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడు. ఇంటికి తీసుకొచ్చాక, మంచం పక్కన కూర్చుని, తలొంచుకుని అడిగాడు.

"అక్కా, అందరూ ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడుగుతున్నారు. నీ పేరు చెప్పుకోలేకపోతున్నాను. మళ్ళీ మొదట్నుంచీ చూడు నన్ను."

ఆవిడ చాలాసేపు చూసింది. "ఏడాది పడుతుంది. నాకుందో లేదో" అంది.

"ఉన్నంతవరకే చూడు."

కాకినాడ వదిలి తణుకులో అద్దెకి దిగాడు. నలభై దాటిన మనిషి, మళ్ళీ అక్క వెనకాల సంచీ పట్టుకుని తిరిగాడు. ఆవిడ కాస్త కోలుకున్న వారాల్లోనే వెళ్ళేవారు. నేనూ తోడు వెళ్ళేవాణ్ణి. ఆవిడ ఎక్కడా మెచ్చుకోలేదు. ఒకసారి అతనొక ఇంట్లో కుక్క గొలుసు కొంచెం గట్టిగా లాగితే, ఆ ఇంటివాళ్ళ ముందే, "పదరా, ఇవాళ్టికి చాలు" అంది. ఆ నెలంతా అతన్ని ఇంకే ఇంటికీ తీసుకెళ్ళలేదు. అతను వెళ్ళిపోలేదు. వంటింట్లో నాకు కూరలు తరిగిపెడుతూ ఉండిపోయాడు.

ఇప్పుడు ఇంట్లో నేనొక్కణ్ణే. క్యారేజీ తెప్పించుకుంటున్నాను. ఫోన్ మోగితే తీస్తున్నాను. ఎవరున్నారని అడిగినవాళ్ళకి ఇక్కడ చెబుతున్నాను. మా బావమరిది ఉన్నాడు, తణుకులో. అతను మీకు ఏ హామీ ఇవ్వడు. అది నచ్చకపోతే వేరేవాళ్ళు చాలామందే ఉన్నారు. అతని సంగతి చెప్పే హక్కు నాకెలా వచ్చిందో చెప్పి ముగిస్తాను.

పోయిన శీతాకాలం. తణుకులో కుర్ర దంపతులు, ఇద్దరూ టీచర్లు. పెళ్ళికి ముందు నుంచీ ఉన్న అల్సేషియన్. "ఇది మా పెద్దబ్బాయండీ" అన్నాడు భర్త. చిన్నబ్బాయి పాకడం మొదలుపెట్టాడు. వాడు దగ్గరికొస్తే కుక్క గుర్రుమంటోంది. మొన్న ఒకసారి వాడికి తగలకుండా గాలిలో కొరికింది. తల్లి మేమున్నంతసేపూ పిల్లాణ్ణి చంక దించలేదు.

మా బావమరిది పొద్దున్నించీ చూశాడు. అడగాల్సినవన్నీ అడిగాడు. ఆవిడ గోడవారన కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుంది. 

"ఎన్నాళ్ళలో మారుతుందండీ?" అన్నాడు తండ్రి. "నెలైనా పర్లేదండీ. నెలలో అయిపోతుంది కదండీ?"

మా బావమరిది నోరు తెరిచాడు. ఆ క్షణంలో నేను ఆవిడ వైపు చూడలేకపోయాను.

"తెలీదండీ" అన్నాడు.

"అదేంటండీ!"

"ముందు డాక్టరుగారికి చెవులూ తుంటీ చూపించండి. లేచేటప్పుడు కుడి వెనక్కాలు దాచుకుంటోంది. అంతదాకా బాబునీ దీన్నీ ఒక గదిలో ఉంచద్దు, మీరు పక్కనున్నా సరే. నేను మళ్ళీ వస్తాను. నా చేతనైంది చేస్తాను. అయినా, ఇది ఈ ఇంట్లో ఉండకూడదని ఆఖరికి చెప్పాల్సి రావచ్చండి."

తండ్రి మొహం ఎర్రబడింది. "ఈ మాటకి మిమ్మల్ని పిలవడం దేనికండీ?"

"ఈ మాట చెప్పడానికేనండి."

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "మేడమ్‌గారూ, మీరైనా చెప్పండి."

ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని నెమ్మదిగా లేచింది. "చెప్పేశారు కదండీ. ఇకనించి నాకు ఫోన్ చెయ్యక్కర్లేదు, ఈయన్నే అడగండి" అంది.  తమ్ముణ్ణి అక్కడే వదిలేసి, నా చెయ్యి పట్టుకుని గేటు దాటింది. వెనకాల ఆ పిల్లాడి తల్లి, "డాక్టరుగారు ఏ టైముకుంటారన్నా?" అని అడగడం, అతను చెప్పడం వినిపించాయి.

ఆటో ఎక్కాం. చెరకు ఆడే రోజులు. ఫ్యాక్టరీ ముందు చెరకు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. మడ్డి వాసన. మా ఆటో వాటి వెనకాల ఆగిపోయింది. ఆవిడ నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. మందులతో కూడా అంత నిద్ర పట్టని రోజులవి. నోరు కొంచెం తెరుచుకుంది. కాసేపటికి ముందున్న ట్రాక్టరు కదిలింది, దారి వచ్చింది. ఆటో అతను స్టార్ట్ చెయ్యబోయి, అద్దంలో ఆవిడ్ని చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మా పక్కనుంచి బళ్ళు ఒక్కొక్కటే దాటి పోతున్నాయి.